యాభై వేల గుమాస్తా

ఉద్యోగ విరమణ చేసిన మూడో నెలలో నేనొక గుమాస్తాను పనిలో పెట్టుకున్నాను. ఆయనకు నెలనెలా జీతం ఇవ్వనక్కరలేదు. కరువు భత్యం అడగరు, దసరా మామూలు అడగరు, వేతన సవరణ ఊసెత్తరు. కారు కొనే రోజున మామూలు గేర్ల బండి ధర మీద యాభై వేల రూపాయలు, కాస్త అటూ ఇటూగా, అదనంగా కడితే చాలు, బండి ఉన్నంతకాలం బానెట్టు కింద చీకట్లో కూర్చుని మన బదులు క్లచ్ నొక్కుతూ, మన బదులు గేరు మారుస్తూ కాలం వెళ్లబుచ్చుతారు. ఆయన పేరు ఏఎంటీ. పూర్తి పేరు ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్. దీన్ని తెలుగులోకి తెచ్చుకుంటే స్వయంచాలితమైన హస్తచాలిత గేర్ల పెట్టె అని తేలుతుంది. ఆ పేరులో విశేషణానికీ విశేష్యానికీ మాటల్లేవని నాకు ఆనాడే తట్టి ఉండవలసింది. కాని ముప్పై ఐదేళ్లు ఒక కార్యాలయంలో ‘తాత్కాలిక శాశ్వత ఏర్పాట్లు’ అనే అట్ట కింద ఫైళ్లు నడిపినవాణ్ణి కనుక, ఆ విరోధం నాకు విరోధంగా తోచలేదు సరికదా, సొంత ఇంటికి వచ్చినట్టు అనిపించింది.

కొనడానికి కారణాలు గౌరవప్రదమైనవే. మొదటిది క్లచ్ తొక్కే ఎడమ మోకాలు. సాయంత్రం ఆరు గంటల వేళ మద్దిలపాలెంలో బయలుదేరి గురుద్వారా, తాటిచెట్లపాలెం, కంచరపాలెం, బిర్లా జంక్షన్ల మీదుగా ఎన్ఏడీ కొత్తరోడ్డు చేరుకున్న విశాఖవాసికి ఎడమ మోకాలంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. రెండో కారణం మైలేజీ. 2014 ఫిబ్రవరిలో మారుతి సెలెరియో ఈ ఏర్పాటును మన దేశపు చిన్న కార్లలోకి తీసుకువచ్చినప్పుడు, చేత్తో గేర్లు మార్చుకునే బండికీ తనంతట తానే మార్చుకునే బండికీ లీటరుకు ఒకే అంకె, 23.1 కిలోమీటర్లు, అని ధ్రువపత్రంలో రాశారు. ఆ అంకె చూసి మధ్యతరగతి గుండె ఝల్లుమన్నది. అసలైన ఆటోమేటిక్ కావాలంటే లక్ష దాటి అదనంగా పోయాలి, పెట్రోలు మంచినీళ్లలా తాగుతుందని భయపడాలి; ఇక్కడేమో దొరలు పడే సుఖం గుమాస్తాలు పెట్టే ఖర్చుకే వస్తున్నది. తర్వాతి ఏడాదికల్లా టాటా వారు నానోలో కూడా ఈ పెట్టెను అమర్చారంటే, దేశంలో ఎన్ని ఎడమ మోకాళ్లు ఎదురుచూస్తున్నాయో ఊహించుకోవచ్చు. మూడో కారణాన్ని నేను ఎక్కడా లిఖితపూర్వకంగా అంగీకరించలేదు, ఇప్పుడు అంగీకరిస్తున్నాను. మా బావమరిది ముందు “మాది ఆటోమేటిక్” అని ఒక్కసారైనా అనాలని నాకు ఉండేది.

విశాఖలో కొత్త బండి ఏదైనా ముందు ఆశీల్‌మెట్టలోని సంపత్ వినాయకుడికి చూపించాలి. స్కూటరైనా లారీ అయినా ఆ స్వామి ముందు నుదుట పసుపు కుంకుమలు పెట్టించుకోకుండా ఊళ్లో తిరగదు. మేమూ వెళ్లాం. చక్రానికొకటి చొప్పున నాలుగు నిమ్మకాయలు పెట్టించి, హారతి అయ్యాక అర్చకులు “ఊఁ, కొంచెం ముందుకు పోనివ్వండి బాబూ” అన్నారు. బ్రేకు మీద కాలు తీశాను. బండి కదలలేదు. బ్రేకు వదలగానే దానంతట అదే మెల్లగా పాకుతుందని షోరూములో చెప్పారు, అది నిజమే. అయితే ఆ పాకడానికి ముందు గుమాస్తాగారు కాగితం అందుకుని, కళ్లజోడు వెతుక్కుని, క్లచ్‌ను కలపవచ్చునా అని ఆలోచించే సుమారు ఒక సెకను వ్యవధి ఉంటుందని ఎవరూ చెప్పలేదు. వెనక కొత్త బుల్లెట్టు మీద పూలదండతో సహా ఒక కుర్రవాడు తొందరపడుతున్నాడు. నేను యాక్సిలరేటరు నొక్కాను. సరిగ్గా అదే క్షణాన గుమాస్తాగారు నా మొదటి అర్జీని మంజూరు చేశారు. వెంటనే రెండోదాన్నీ మంజూరు చేశారు. బండి కప్పలా గెంతింది. హారతి పళ్లెం పట్టుకున్న మా ఆవిడ ఒక పక్కకూ, అర్చకులు మరో పక్కకూ తప్పుకున్నారు. ఆయన అనుభవజ్ఞులు. చక్రాల కింద చూసి, “నాలుగూ ఒక్క దెబ్బకు నలిగాయి, శుభం” అన్నారు.

ఈ గుమాస్తాగారి పని తీరు అర్థం కావాలంటే ముందు ఆయన ఏమి కారో తెలియాలి. సాంప్రదాయికమైన ఆటోమేటిక్ బండిలో ఇంజనుకూ గేర్లకూ మధ్య, ఆ రెండింటినీ కలిపి విడదీసే క్లచ్ ప్లేటు ఉండదు, నూనె ఉంటుంది. ఇంజను ఒక పంకాను తిప్పుతుంది, ఆ పంకా నూనెను తిప్పుతుంది, ఆ నూనె ఎదురుగా ఉన్న రెండో పంకాను తిప్పుతుంది. ఎవరూ ఎవరినీ నేరుగా ముట్టుకోకుండానే పని జరిగిపోతుంది. పెద్దింటి వ్యవహారం. మన ఏఎంటీలో అలాంటి మర్యాదలేమీ లేవు. దాన్ని విప్పి చూస్తే లోపల ఉండేది మా పాత బండిలో ఉన్న గేర్ల పెట్టే, అదే ఐదు గేర్లు, అదే పొడి క్లచ్ ప్లేటు. దాని నెత్తిన క్లచ్ నొక్కడానికొక యంత్రపు కాలు, గేరు మార్చడానికొక యంత్రపు చెయ్యి, ఆ రెండింటికీ ఆజ్ఞలిచ్చే ఒక చిన్న కంప్యూటరు బిగించారు. మా బండిలో ఆ కాలూ చెయ్యీ నూనె ఒత్తిడితో పనిచేస్తాయి. అందుకే తెల్లవారి నేను డ్రైవరు పక్క తలుపు తియ్యగానే, ఇంకా తాళంచెవి పెట్టకముందే, లోపల ఒక మోటారు ‘జుయ్’మని రెండు క్షణాలు మూలుగుతుంది. అధికారి కారు దిగే చప్పుడు విని బల్ల కింద వార్తాపత్రిక దాచేసి ఫైలు తెరిచే ఉద్యోగి చప్పుడు అది. నేను ఆ చప్పుడు ఎరుగుదును.

ఇంతటి సామాన్యుడికి వంశ ప్రతిష్ఠ మాత్రం సామాన్యమైనది కాదు. 1989లో ఫెరారీ వారు ఫార్ములా వన్ పందెపు కారులో, స్టీరింగు వెనక రెండు రెక్కలు పెట్టి, వేలితో తాకితే చాలు గేరు దానంతట అదే పడేట్టు చేశారు. ఆ కారు తన మొట్టమొదటి పందెంలోనే, బ్రెజిల్‌లో, నైజెల్ మాన్సెల్ చేతిలో గెలిచింది. అది సగం దారిలో ఆగిపోవడం ఖాయమనుకుని ఆయన తిరుగు విమానం ముందుగానే చూసుకున్నాడని అంటారు. 1997లో అదే విద్య ఎఫ్355 అనే ఫెరారీ ద్వారా పందెపు బాట నుంచి మామూలు రోడ్డు మీదికి వచ్చింది. అక్కడి నుంచి పదిహేడేళ్లలో మన సెలెరియో దాకా దిగింది. అంటే మా గేర్ల పెట్టెకు ఫెరారీ వారి పెట్టె పెత్తాత వరస అవుతుంది. ఎన్ఏడీ జంక్షన్‌లో ఎర్రదీపం దగ్గర బండి దగ్గుతున్నప్పుడు ఈ సంగతి వెనక సీటులోని బంధువులకు వివరించాలని రెండు మూడుసార్లు ప్రయత్నించాను. వారికి చరిత్ర మీద ఆసక్తి తక్కువ.

వారి ఆసక్తి అంతా మెడల మీద. దీన్ని వ్యాకరణ పరిభాషలో చెబితేనే స్పష్టంగా ఉంటుంది. నూనెతో నడిచే ఆటోమేటిక్‌లో ఒక గేరు తర్వాత ఇంకో గేరు రావడం సవర్ణదీర్ఘ సంధి వంటిది: పూర్వపరాలు ఎక్కడ కలిశాయో చెవికి తెలియదు. రెండు కప్పీల మధ్య బెల్టుతో నడిచే సీవీటీలో పదవిభాగమే లేదు, అంతా ఒకే దీర్ఘసమాసం. మన ఏఎంటీలో సంధి జరగదు; జరగని చోట యడాగమం వస్తుంది. మొదటి గేరుకూ రెండో గేరుకూ మధ్య గుమాస్తాగారు ఇంజను ఊపు తగ్గించి, క్లచ్ విడదీసి, పాత గేరు ఊడదీసి, కొత్త గేరు తగిలించి, తిరిగి క్లచ్ కలిపేంతవరకు చక్రాలకు లాగుడు ఉండదు. చేత్తో గేరు మార్చే రోజుల్లోనూ ఆ ఖాళీ ఉండేది. కాని అప్పుడు మన కుడికాలే యాక్సిలరేటరు వదిలేది కాబట్టి, రాబోయే కుదుపు మనకు ముందే తెలిసి శరీరం సర్దుకునేది. ఇప్పుడు కుడికాలు నొక్కి ఉంచిన చోటనే ఉంటుంది, లాగుడు మాత్రం చెప్పాపెట్టకుండా మాయమవుతుంది. అందరి తలలూ ముందుకు ఊగుతాయి. క్లచ్ మళ్లీ కలిసినప్పుడు అందరి తలలూ వెనక్కి ఊగుతాయి. పెళ్లికి వెళుతూ వెనక సీటులో పట్టుచీరలు కట్టుకుని వరసగా కూర్చున్న మా అత్తయ్యగారిని, పిన్నిగారిని, మేనకోడలిని అద్దంలో చూసినప్పుడల్లా నాకు సంక్రాంతి ముందు వీధిలోకి వచ్చే గంగిరెద్దు గుర్తుకు వచ్చేది. ఒక్క సన్నాయి తక్కువ. సీతమ్మధార నుంచి రుషికొండలోని కల్యాణమండపం దాకా వారు ఆ విధంగా నేను అన్న ప్రతి మాటకూ తల ఊపుతూనే వచ్చారు. నా వివాహ జీవితంలో అత్తవారి తరఫువారు నాతో అంతసేపు ఏకీభవించిన సందర్భం మరొకటి లేదు.

ఇక ఎడమకాలి విషయం. దానికి పదవీ విరమణ ప్రసాదించాను కదా, అది హాయిగా విశ్రమిస్తుందనుకున్నాను. ఉద్యోగాల మీద బతికిన ఊరు ఇది. ఉక్కు కర్మాగారం, పోర్టు, షిప్‌యార్డుల నుంచి విరమించినవారు ప్రతి వీధిలోనూ ఉంటారు. వారిని చూసి కూడా నాకు బుద్ధి రాలేదు. విరమణ చేసిన మర్నాడు నేను తొమ్మిదిన్నరకు చొక్కా తొడుక్కుని, టిఫిన్ డబ్బా కోసం వంటింట్లో చెయ్యి చాపి నిలబడ్డట్టే, మొదటి వారంలో సిరిపురం జంక్షన్ దగ్గర నా ఎడమకాలు హఠాత్తుగా విధులకు హాజరైంది. క్లచ్ కోసం వెతికింది. అది లేదు. పక్కనే వెడల్పుగా ఉన్న బ్రేకు పెడలు దొరికింది. క్లచ్‌ను నేల దాకా తొక్కడం దానికి అలవాటు. అదే నిష్ఠతో బ్రేకును నేల దాకా తొక్కింది. బండి నడిరోడ్డు మీద నిలువునా నిలిచిపోయింది. మా ఆవిడ ఒడిలోని సాంబారు క్యారేజీ మాత్రం నిలవలేదు. అప్పటి నుంచి ఎడమకాలిని సీటు కిందికి మడిచి పెట్టుకుంటున్నాను. అక్కడ అది, పింఛను కాగితాల కోసం పాత ఆఫీసు చుట్టూ తిరిగే పెద్దమనిషిలా, ఎవరైనా పిలుస్తారేమోనని ఇప్పటికీ అప్పుడప్పుడూ అదురుతూ ఉంటుంది.

ఇవన్నీ బల్లపరుపు రోడ్డు మీది ముచ్చట్లు. మా ఊరిలో బల్లపరుపు రోడ్డు ఎంత ఉన్నది? సముద్రానికీ కొండలకూ మధ్య ఇరుక్కున్న ఊరు ఇది. పేర్లే సాక్ష్యం: ఆశీల్‌మెట్టలో మెట్ట ఉన్నది, రుషికొండలో కొండ ఉన్నది, కైలాసగిరిలో గిరి ఉన్నది. మేము దారి చెప్పేటప్పుడు తూర్పు పడమరలు చెప్పం, ‘అప్పు’, ‘డౌను’ చెబుతాం. కేజీహెచ్ అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రి; ‘కేజీహెచ్ డౌన్’ అంటే ఆటోవాడు ఎక్కడ ఆపాలో అక్కడే ఆపుతాడు. అటువంటి ఊరికి, రోడ్డు ఎలా ఉందో కంటితో చూడలేని గుమాస్తాను తెచ్చుకోవడం నా స్వయంకృతం. ఆయనకు తెలిసేవి మూడే సంగతులు: కాలు ఎంత నొక్కారు, ఇంజను ఎంత తిరుగుతోంది, బండి ఎంత వేగంతో పోతోంది. ఎదురుగా ఎత్తు ఉన్నదో, గొయ్యి ఉన్నదో, భీమిలి బస్సు ఉన్నదో ఆయన ఎరుగరు. క్షేత్ర పరిశీలన లేకుండా, ముందున్న కాగితాలను బట్టి నిర్ణయం తీసుకుంటారు. ఇది తప్పని అనడానికి నాకు నోరు రావడం లేదు.

కేజీహెచ్ డౌన్ నుంచి కలెక్టరాఫీసు వైపు ఎక్కే దారిలో ఒక సాయంత్రం బళ్లు ఆగిపోయాయి. నా ముందు అంబులెన్సుకు దారి ఇస్తున్నారు. నా వెనక, బంపరుకు జానెడు దూరంలో, ఒక ఆటో. మాన్యువల్ బండి అయితే ఇటువంటి చోట సగం క్లచ్ మీద నిలబెట్టడం అనే కళ ఒకటి ఉండేది. కాలి బొటనవేలికి ఇంజను వణుకు తగలగానే బ్రేకు వదిలితే బండి ఒక అంగుళం కూడా జారకుండా ముందుకు పోయేది. ఇప్పుడు ఆ బొటనవేలు గుమాస్తాగారిది. బ్రేకు నొక్కి ఉన్నంతసేపూ ఆయన క్లచ్ విడదీసి ఉంచుతారు. బ్రేకు వదిలాక నెమ్మదిగా కలపడం మొదలుపెడతారు. ఈ రెండింటి మధ్య వ్యవధిలో బండి ఎవరి ఆధీనంలోనూ ఉండదు, భూమ్యాకర్షణ ఆధీనంలో ఉంటుంది. ముందు బండి కదిలింది. నేను బ్రేకు వదిలాను. మేము వెనక్కి బయలుదేరాం.

ఆటో అతను హారను కొట్టలేదు, తల బయటికి పెట్టి, “బాబూ! బండి ఎనక్కొచ్చేస్తంది, సూసుకోండి!” అన్నాడు.

“ఆటోమేటిక్ నాయనా,” అన్నాను కిటికీలోంచి, కొంత దర్పంగానే.

అతను ఒక్క క్షణం ఆలోచించి, “ఆటోమేటిగ్గా ఎనక్కి ఎల్తాదేటండి?” అని అడిగాడు. ఎగతాళి చేయడానికి అడిగినట్టు లేదు, తెలుసుకుందామనే అడిగాడు. దానికి సరైన సమాధానం అవుననే.

హ్యాండ్‌బ్రేకు లాగి ఉంచి, యాక్సిలరేటరు కొద్దిగా నొక్కి, బండి ముక్కు పైకి లేచినట్టు అనిపించగానే హ్యాండ్‌బ్రేకు వదలాలన్నది ఆ తర్వాత నేను నేర్చుకున్న కిటుకు. అంటే కాలికి తప్పించిన పని చేతికి వచ్చింది. కొందరు తెలివైనవారు బ్రేకే ముట్టుకోకుండా, యాక్సిలరేటరును కొంచెం కొంచెంగా నొక్కుతూ ఎత్తు మీద బండిని ఊగిసలాటలో నిలబెడతారు. ఆ ఊగిసలాట అంతా పొడి క్లచ్ ప్లేటు రాపిడి మీద జరుగుతుంది కనుక, కాసేపటికి మాడు వాసన వస్తుంది, డాష్‌బోర్డులో ఏదో కీచుమంటుంది. మా అపార్టుమెంటు సెల్లారు నుంచి ఉదయం పూట పైకి వచ్చే దారిలో, వాచ్‌మన్ గేటు తీసేదాకా, ఆ వాసన నేను కొన్నాళ్లు పక్కింటివారి పోపు అనుకున్నాను. మా బావమరిది ఈ మధ్య కొన్న బండిలో ఎత్తు మీద బ్రేకు వదిలినా రెండు సెకన్లపాటు బండిని పట్టి ఉంచే సదుపాయం ఉన్నది. రెండు సెకన్ల అభయహస్తం. ఆ రెండు సెకన్ల గురించి అతను నాకు ఇప్పటికి రెండు గంటలు చెప్పాడు.

సింహాచలం ఘాట్ రోడ్డు దగ్గరికి వచ్చేసరికి ఈ వ్యవహారం శాస్త్రార్థ చర్చగా మారుతుంది. అచలం అంటే కదలనిది అని నిఘంటువులో అర్థం. అప్పన్న దర్శనానికి నలుగురు పెద్దవాళ్లతో, ఏసీ వేసుకుని, రెండో మలుపు ఎక్కుతున్నప్పుడు ఆ నైఘంటికార్థం స్పష్టంగా బోధపడుతుంది. గుమాస్తాగారు మైలేజీ భక్తులు. వీలైనంత త్వరగా పై గేరులోకి పోవాలని వారి తాపత్రయం. ఎత్తు మీద మూడో గేరు వేస్తారు. బండి నీరసిస్తుంది. తప్పు తెలుసుకుని రెండో గేరుకు దిగుతారు. బండి పుంజుకుంటుంది. పుంజుకున్నది కదా అని మళ్లీ మూడు వేస్తారు. రెండా మూడా అన్న ఈ మీమాంస కొండ దిగువన మొదలై గాలిగోపురం కనిపించేదాకా సాగుతుంది, వెనక సీటులో గంగిరెద్దులు ఆడుతూనే ఉంటాయి. దీనికి విరుగుడుగా గేరు కడ్డీని పక్కకు జరిపితే ‘ఎం’ అనే స్థానం ఉన్నది. ఎం అంటే మాన్యువల్. అక్కడ ముందుకూ వెనక్కూ నెడుతూ గేర్లు మనమే మార్చుకోవచ్చు. గేర్లు మార్చుకోకుండా ఉండడానికి యాభై వేలు కట్టి, ఘాట్ రోడ్డు మీద స్వహస్తాలతో గేర్లు మార్చుకునే భాగ్యం పొందినవాళ్లం మేము. అందులోనైనా అధికారం మనకు దఖలు పడిందా అంటే, అదీ లేదు. వేగం బాగా తగ్గితే ఎంలో ఉన్నా ఆయనే కింది గేరుకు దింపేస్తారు; తన ఉద్దేశంలో తగని గేరు అడిగితే మాట్లాడకుండా ఊరుకుంటారు. ఎం అంటే మనవి అని చదువుకోవాలి. మామూలుగా నడిపే డి స్థానంలో ఆయన మనల్ని అడగకుండా నిర్ణయిస్తారు, ఎం స్థానంలో అడిగించుకుని నిర్ణయిస్తారు.

తగరపువలస దారిలో లారీని దాటే ప్రయత్నం గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఆ దాటడం జరగలేదు. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కాను. గుమాస్తాగారు అర్జీ స్వీకరించి, రెండు గేర్లు కిందికి దించాలని తీర్మానించి, క్లచ్ విడదీసి, గేరు వెతికి, క్లచ్ కలిపి, ఇంజను హోరెత్తించేసరికి ఎదుటి నుంచి బస్సు వచ్చేసింది. అనుమతి వచ్చింది కాని అవసరం తీరిపోయింది. ఇటువంటి అనుమతులు నా కాలంలో నేను చాలా ఇచ్చాను.

మా వియ్యంకుడుగారు హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు కైలాసగిరి మీదికి తీసుకువెళ్లాను. ఆయనది అసలు సిసలైన ఆటోమేటిక్. పైన వాలులో బండి నిలిపాక, ఆయన గేరు కడ్డీ వంక చాలాసేపు చూసి, “బావగారూ, పీ ఏదండీ?” అన్నారు. ఆర్ ఉన్నది, ఎన్ ఉన్నది, డి ఉన్నది, ఎం ఉన్నది. పార్కింగుకు పీ లేదు, మాకు ఉండదు. లోపల ఉన్నది మాన్యువల్ పెట్టె కాబట్టి, మాన్యువల్ బండిని వాలు మీద ఎలా నిలుపుతామో అలాగే, గేరులో ఉంచి ఇంజను కట్టెయ్యాలి, హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగాలి. ఈ సంగతి చెప్పాను. ఆయన మర్యాదస్తులు, ఏమీ అనలేదు. కిందికి దిగి, ఒక రాయి వెతికి తెచ్చి, వెనక చక్రం కింద పెట్టారు. శివపార్వతుల విగ్రహం దగ్గర ఫోటో దిగుతున్నంతసేపూ ఆయన చూపు కెమెరా మీద కాక ఆ రాయి మీదే ఉన్నది.

ఇక సర్వీసు సెంటరు. నేను ఏ ఫిర్యాదు తీసుకువెళ్లినా అక్కడి కుర్రవాడు శ్రద్ధగా రాసుకుని, బండిని కాంపౌండు చుట్టూ ఒకసారి తిప్పి వచ్చి, “అది దాని నేచర్ సార్, అన్ని బళ్లూ అంతే” అని చిరునవ్వుతో కాగితం తిరిగి ఇచ్చేవాడు. కుదుపు దాని నేచర్. జారడం దాని నేచర్. ఐదో ఏట క్లచ్ ప్లేటు అరిగిపోతే మాత్రం అది నా నేచర్ అని తేలింది. “ఎత్తు రోడ్ల మీద ఎక్కువ తిప్పారా సార్?” అని అడిగాడు. విశాఖపట్నంలో కాపురం ఉంటున్నానని చెప్పాను. కొత్త ప్లేటు వేశాక, దాని పట్టు ఎక్కడ మొదలవుతుందో గుమాస్తాగారికి తెలియదు కాబట్టి, ల్యాప్‌టాప్ తగిలించి నేర్పించారు. శిక్షణ తరగతులన్నమాట. శిక్షణ నుంచి వచ్చిన ఏ ఉద్యోగైనా అంతే, ఒక పది రోజులు మహా చురుకుగా పనిచేశారు.

ఆ బిల్లు చేతిలో పట్టుకుని ఇంటికి వస్తున్న రోజునే నాకు అసలు విషయం తట్టింది. అడిగిన వెంటనే కదలకపోవడం. కంటితో చూడకుండా కాగితం చూసి నిర్ణయించడం. ఒక గేరు నుంచి ఇంకో గేరుకు పోయే ముందు అందరినీ గాలిలో నిలబెట్టడం. మనవి చేసుకుంటే విని, తన ఇష్టమే చేయడం. చివరికి ఎక్కడైనా అరుగుదల కనిపిస్తే అది అర్జీదారుడి తప్పని తేల్చడం. ఇన్నేళ్లుగా నేను తిట్టుకుంటున్నది ఎవరినో కాదు. ముప్పై ఐదేళ్లు నా బల్ల ముందు నిలబడిన మనుషులు ఎవరిని చూశారో, వారిని చూడడానికి నేను యాభై వేలు కట్టాను. అప్పటి నుంచి ఆయన మీద కోపం తగ్గింది. నిజం చెప్పాలంటే కొంత వృత్తిగౌరవం కూడా ఏర్పడింది. అయినా మా మధ్య పని సాగలేదు. ఇద్దరు గుమాస్తాలు ఒకే సీటులో కూర్చుంటే ఫైలు ఎటు కదులుతుంది?

కదిలించిన మనిషి మా ఆవిడ. ఆమె డ్రైవింగు నేర్చుకున్నదే ఈ బండి మీద, యాభై ఎనిమిదో ఏట. క్లచ్ అంటే ఏమిటో ఆమెకు తెలియదు, తెలుసుకోవాలన్న కుతూహలమూ లేదు. మొన్న కంటి పరీక్ష చేయించుకుని చుక్కల మందు వేయించుకున్న కారణంగా నేను పక్క సీటులో కూర్చోవలసి వచ్చింది, ఆమె నడిపింది. కేజీహెచ్ డౌన్ నుంచి కలెక్టరాఫీసు వైపు అదే ఎత్తు, అదే సాయంత్రం వేళ. సగంలో బళ్లు ఆగాయి. నా ఎడమకాలు అలవాటుగా నేలపట్టాను తొక్కింది. ఆమె హ్యాండ్‌బ్రేకు లాగి, ముందు బండి కదిలాక కూడా తొందరపడకుండా ఒక క్షణం ఆగి, మెల్లగా వదిలింది. బండి వెనక్కి ఒక్క వేలెడు జారలేదు. ఎక్కుతున్నప్పుడు, ఒకటి నుంచి రెండుకు మారబోయే సరిగ్గా ఆ సమయానికి, ఆమె పాదం యాక్సిలరేటరు మీద కొంచెం తేలికపడడం గమనించాను. గేరు పడింది. కుదుపు లేదు. పాదం మళ్లీ ఆనింది. సంధి కుదిరింది.

“ఇది నీకు ఎవరు చెప్పారు?” అని అడిగాను. ఎనిమిదేళ్లలో నాకు ఎవరూ చెప్పలేదు మరి.

“చెప్పేదేముందండీ,” అన్నది ఆమె, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా. “మీరు ఆఫీసు నుంచి రాగానే పని చెబితే ఏనాడైనా చేశారా? కాఫీ ఇచ్చి ఒక్క నిమిషం ఊరుకుంటే, మీ అంతట మీరే లేచి సంచీ పట్టుకుని బజారుకు వెళ్లేవారు. మీకే తోచినట్టు ఉండేది. దీనికీ అంతే, కాసేపు ఊరుకుంటే సరి.”

బండి కలెక్టరాఫీసు దగ్గర సమతలానికి వచ్చింది. మూడో గేరు ఎప్పుడు పడిందో తెలియలేదు. నా తల మాత్రం, గేరుతో ఏ నిమిత్తమూ లేకుండా, ఒకసారి ముందుకు ఊగింది.